ఇంగ్లీషు వాక్యంలో జోడు మాటలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని అడిగితే మా బ్యాచ్ వాళ్ళం నలుగురం కూర్చుని ఆలోచించాం. కవితలు రాసేవాళ్ళు కవితలు రాస్తారు, జ్ఞాపకాలు రాసేవాళ్ళు జ్ఞాపకాలు రాస్తారు. మేము ఆదివారాల్లో వచ్చి పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాం కాబట్టి ఒక పాఠమే రాసి ఇద్దామనుకున్నాం. ఏ పాఠం అన్న దగ్గర మాలో వాదన రాలేదు. నలుగురి నోటా ఒకటే మాట, కోరిలేటివ్ కంజంక్షన్స్. దానికి కారణం మేము తొమ్మిదో తరగతిలో రాసిన ఒక అర్జీ.

అది 2003. ఆ ఏడాది దసరా సెలవులు అయిపోయి తిరిగి వచ్చినా మాకు కార్పెట్లూ రాలేదు, బెడ్‌షీట్లూ రాలేదు. సిమెంటు గచ్చు మీదే పడుకునేవాళ్ళం. కార్తీక మాసం వచ్చేసరికి గచ్చు ఐసు ముక్కలా ఉండేది. ఎవడో ఒకడు ఇంటి నుంచి బొంత తెచ్చుకుంటే దాంట్లో ముగ్గురం దూరేవాళ్ళం. తెలుగులో రాసిన అర్జీలు రెండు వెళ్ళాయి గానీ జవాబు లేదు. ఇంగ్లీషులో రాస్తే వెంటనే చూస్తారని ఎవరో చెప్పారు. సరే అని ముందు తెలుగులో రాసుకున్నాం. 'ఈ సంవత్సరం మాకు కార్పెట్లు గానీ, బెడ్‌షీట్లు గానీ రాలేదు.' వాక్యం బాగానే ఉంది. దాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషులోకి మార్చాం. 'ఐదర్ కార్పెట్స్ ఓర్ బెడ్‌షీట్స్ హ్యావ్ నాట్ కమ్ దిస్ ఇయర్.' 'గానీ, గానీ' అంటే 'ఐదర్, ఓర్' అని క్లాసులో చెప్పారు కదా! ఎనభై మందిమి సంతకాలు పెట్టి, బస్సు చార్జీలకు చందాలు వేసుకుని, ఒక కార్యాలయంలో ఇచ్చి వచ్చాం.

మూడు వారాల తర్వాత మా కాగితం మాకే తిరిగి వచ్చింది. పక్కన ఎర్ర ఇంకుతో రెండే రెండు మాటలు. 'విచ్ వన్?' అంటే, ఏది రాలేదు అని.

మాకు చాలాసేపు అర్థం కాలేదు. రెండూ రాలేదనే కదా రాశాం! హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుకు చూపిస్తే ఆయన నవ్వలేదు. మా వాక్యానికి ఇంగ్లీషులో అర్థం 'కార్పెట్లు, బెడ్‌షీట్లు, ఈ రెంటిలో ఏదో ఒకటి రాలేదు' అని చెప్పారు. మళ్ళీ రాసి పంపేసరికి సంక్రాంతి సెలవులు వచ్చేశాయి. కార్పెట్లు వచ్చింది ఫిబ్రవరిలో, చలి పోయాక. తప్పంతా మా వాక్యానిదే అని మేము ఇప్పటికీ అనం. ఆ కుర్చీలో కూర్చున్నవారు ఒక్కసారి వచ్చి మా గచ్చు చూసి ఉంటే వ్యాకరణం అడ్డు వచ్చేది కాదు. కానీ వాళ్ళకు కావలసిన సాకును మా వాక్యమే అందించింది. ఆ ఒక్క విషయం మాకు బాగా గుర్తుండిపోయింది.

పాఠంలోకి వెళ్ళే ముందు ఒక గమనిక. ఈ సంచిక మొత్తం తెలుగు లిపిలో ఉంది కాబట్టి ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం. 'లేదా' అనే అర్థమున్న మాటను 'ఓర్' అని, బహువచన క్రియను 'ఆర్' అని రాశాం, రెండూ కలిసిపోకుండా. ప్రతి వాక్యాన్నీ పైకి చదవండి, తర్వాత మీ నోటు పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. స్పెల్లింగు కూడా అలవాటవుతుంది. ఇంకో మాట, 'ఐదర్, నైదర్' అని పలికినా 'ఈదర్, నీదర్' అని పలికినా రెండూ సరైనవే. దాని మీద పోట్లాడుకోవద్దు!

ఇక పాఠం. కంజంక్షన్ అంటే మాటలనూ వాక్యాలనూ కలిపే మాట. 'అండ్', 'బట్', 'ఓర్' ఇవన్నీ ఒంటరిగా పని చేస్తాయి. కొన్ని మాత్రం జతగానే వస్తాయి. 'బోత్' వస్తే 'అండ్' రావాలి. 'ఐదర్' వస్తే 'ఓర్', 'నైదర్' వస్తే 'నార్', 'నాట్ ఓన్లీ' వస్తే 'బట్ ఆల్సో', 'వెదర్' వస్తే 'ఓర్', 'నో సూనర్' వస్తే 'దేన్', 'హార్డ్‌లీ' గానీ 'స్కేర్స్‌లీ' గానీ వస్తే 'వెన్'. వీటినే కోరిలేటివ్ కంజంక్షన్స్ అంటారు. తెలుగు వ్యాకరణంలో జంట పదాలు అంటే వేరే అర్థం ఉంది కాబట్టి మేము వీటిని జోడు మాటలు అంటున్నాం. కాడికి కట్టిన జోడెడ్ల లాంటివి ఇవి. ఒక ఎద్దును మార్చి పక్కింటి ఎద్దును కడితే అరక సాగదు.

ఇవి మనకు కొత్తేమీ కాదు. తెలుగులో రోజూ వాడుతున్నవే. 'రాముడూ సోముడూ వచ్చారు' అంటాం, అది 'బోత్, అండ్'. 'రాముడో సోముడో వచ్చాడు' అంటాం, అది 'ఐదర్, ఓర్'. 'రాముడే కాదు, సోముడు కూడా వచ్చాడు' అంటే 'నాట్ ఓన్లీ, బట్ ఆల్సో'. 'వస్తాడో రాడో' అంటే 'వెదర్, ఓర్ నాట్'. అన్నం ముందు 'కూర్చున్నామో లేదో' కరెంటు పోయింది అంటే 'నో సూనర్, దేన్'. చూశారా, జోడు మాటలన్నీ మన నోట్లోనే ఉన్నాయి.

మరి తప్పులు ఎక్కడ వస్తున్నాయి? ఈ ప్రశ్న మేము చాలా రోజులు ఆలోచించాం. పిల్లల నోటు పుస్తకాలు దిద్దీ దిద్దీ మాకు తట్టిన కారణం ఇది. తెలుగులో ఈ 'ఊ', 'ఓ', 'గానీ' అన్నవి మాట చివర వస్తాయి, ఎక్కువ భాగం ఆ మాటకే అతుక్కుని ఉంటాయి. 'రాముడూ' అన్నప్పుడు ఆ 'ఊ'ను తీసి ఇంకోచోట పెట్టమన్నా పెట్టలేం. అందుకని తెలుగులో చోటు తప్పడం అరుదు. ఇంగ్లీషులో ఈ మాటలు ముందు వస్తాయి, విడిగా నిలబడతాయి. విడిగా ఉన్నదాన్ని ఎక్కడైనా పెట్టేయవచ్చు అనిపిస్తుంది. అక్కడే జారిపోతాం.

ఉదాహరణకు మనవాడొకడు పబ్లిక్ పరీక్షల ముందు బస్ పాసూ హాల్ టికెట్టూ రెండూ పోగొట్టుకున్నాడు. దీన్ని ఎక్కువమంది ఇలా రాస్తారు. 'హీ నాట్ ఓన్లీ లాస్ట్ హిజ్ బస్ పాస్ బట్ ఆల్సో హిజ్ హాల్ టికెట్.' వినడానికి బాగానే ఉంది. కానీ 'నాట్ ఓన్లీ' తర్వాత ఏముందో చూడండి, 'లాస్ట్' అనే క్రియ ఉంది. 'బట్ ఆల్సో' తర్వాత ఏముంది? 'హిజ్ హాల్ టికెట్', అంటే వస్తువు. ఒక పక్క క్రియ, ఇంకో పక్క నామవాచకం. తక్కెడ సమంగా లేదు. 'హీ లాస్ట్ నాట్ ఓన్లీ హిజ్ బస్ పాస్ బట్ ఆల్సో హిజ్ హాల్ టికెట్' అంటే రెండు పక్కలా వస్తువులే ఉన్నాయి. ఇదీ సరైన వాక్యం.

అనుమానం వస్తే మా ఉపాయం పాటించండి. జోడులో మొదటి మాట కింద ఒక గీత, రెండో మాట కింద ఒక గీత పెన్సిలుతో గీయండి. ప్రతి గీత పక్కనే ఉన్న మాటను చూడండి. ఒక పక్క క్రియ ఉంటే రెండో పక్కా క్రియ ఉండాలి. ఒక పక్క 'టు', 'ఇన్' లాంటి ప్రిపొజిషన్ ఉంటే రెండో పక్కా ఉండాలి. 'హీ వెంట్ బోత్ టు కర్నూల్ అండ్ గుంటూర్' అన్నది చూడండి. 'బోత్' పక్కన 'టు' ఉంది, 'అండ్' పక్కన లేదు. దీన్ని రెండు రకాలుగా దిద్దవచ్చు. 'టు'ను బోత్‌కు ముందు పెట్టి 'టు బోత్ కర్నూల్ అండ్ గుంటూర్' అనవచ్చు. లేదంటే 'బోత్ టు కర్నూల్ అండ్ టు గుంటూర్' అనవచ్చు. రెండూ ఒప్పే. అలాగే 'ఐదర్ యూ మస్ట్ పే ద ఫీ ఓర్ లీవ్' అన్నది తప్పు. 'యూ మస్ట్ ఐదర్ పే ద ఫీ ఓర్ లీవ్' అన్నది ఒప్పు, ఎందుకంటే 'పే', 'లీవ్' రెండూ క్రియలు.

ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా మాటల్లో ఈ చోటు తప్పుతుంటారు, ఎవరూ పట్టించుకోరు. కాబట్టి మాట్లాడేటప్పుడు దీనికోసం భయపడి ఆగిపోవద్దు. రాతలో, ముఖ్యంగా పోటీ పరీక్షల్లో 'తప్పు ఉన్న భాగాన్ని గుర్తించండి' అనే ప్రశ్నల్లో మాత్రం ఇది తరచుగా కనిపిస్తుంది.

'నాట్ ఓన్లీ, బట్ ఆల్సో'లో ఇంకో సంగతి ఉంది. బరువంతా రెండో దాని మీద పడుతుంది. అందుకే చిన్నది ముందు, పెద్దది తర్వాత చెప్పాలి. 'హీ లాస్ట్ నాట్ ఓన్లీ హిజ్ హాల్ టికెట్ బట్ ఆల్సో హిజ్ పెన్' అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు గానీ చదివినవాళ్ళు నవ్వుతారు. హాల్ టికెట్టు పోయినదానికంటే పెన్ను పోయినందుకు ఏడ్చినట్టు ఉంటుంది! 'నాట్ ఓన్లీ'తో వాక్యం మొదలుపెడితే వెంటనే సహాయక క్రియ కర్తకు ముందు రావాలి. 'నాట్ ఓన్లీ డిడ్ హీ పాస్, బట్ హీ ఆల్సో స్టుడ్ ఫస్ట్.' 'నాట్ ఓన్లీ హీ పాస్డ్' అని రాయకూడదు.

ఇప్పుడు మా అర్జీ దగ్గరకు వద్దాం. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే, నెమ్మదిగా చదవండి. తెలుగులో 'గానీ, గానీ' అన్నది రెండు పనులు చేస్తుంది. 'పెన్ను గానీ పెన్సిలు గానీ ఇవ్వు' అంటే ఏదో ఒకటి చాలు. అదే 'పెన్ను గానీ పెన్సిలు గానీ ఇవ్వలేదు' అంటే రెండూ ఇవ్వలేదు. మాట ఒకటే, చివర క్రియ మారగానే అర్థం మారిపోయింది. తెలుగువాడు వాక్యం చివరి దాకా విని అర్థం చేసుకుంటాడు. ఇంగ్లీషులో ఈ రెండు పనులకూ రెండు వేరువేరు జోడు మాటలు ఉన్నాయి. ఏదో ఒకటి అంటే 'ఐదర్, ఓర్'. రెండూ కాదు అంటే 'నైదర్, నార్'. మేము లేదు అన్న అర్థంలో వచ్చిన 'గానీ'కి 'ఐదర్' పెట్టాం. అదీ జరిగింది.

సరైన వాక్యం 'నైదర్ కార్పెట్స్ నార్ బెడ్‌షీట్స్ హ్యావ్ కమ్ దిస్ ఇయర్.' ఇక్కడ 'నాట్' లేదు, గమనించండి. 'నైదర్' లోపలే 'కాదు' దాగి ఉంది. మన పిల్లలు చేసే ఇంకో పెద్ద తప్పు 'వుయ్ డిడ్ నాట్ గెట్ నైదర్ కార్పెట్స్ నార్ బెడ్‌షీట్స్' అనడం. తెలుగులో 'లేదు' అనేది క్రియలో ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులోనూ క్రియకు 'నాట్' తగిలించాలని చెయ్యి పోతుంది. 'నైదర్' ఉంటే 'నాట్' వద్దు. 'నాట్' ఉంటే 'నైదర్' వద్దు.

అయితే 'నాట్' ముందు వచ్చి తర్వాత 'ఐదర్, ఓర్' వస్తే సరిపోతుంది. 'వుయ్ హ్యావ్ నాట్ రిసీవ్డ్ ఐదర్ కార్పెట్స్ ఓర్ బెడ్‌షీట్స్.' ఇది ఒప్పే, రెండూ అందలేదనే అర్థం. మా వాక్యంలోనూ 'ఐదర్' ఉంది, 'నాట్' ఉంది, మరి తేడా ఏమిటి? వరుస. 'నాట్' ముందు ఉంటే అది వెనక వచ్చే రెంటినీ కొట్టేస్తుంది. 'ఐదర్' ముందుండి 'నాట్' వెనకబడితే 'ఏదో ఒకటి' అన్న మాట ముందే నిలబడిపోతుంది, 'నాట్' ఆ ఒక్కదాన్నే కొట్టేస్తుంది. ఒక్క మాట చోటు మారినందుకు ఎనభై మందిమి చలిలో పడుకున్నాం.

రెండు నిషేధాలు ఒకే వాక్యంలో రాకూడదన్న నియమం ఇంగ్లీషులో మొదటి నుంచీ ఉన్నది కాదు. 14వ శతాబ్దంలో చాసర్ కాలంలో ఒకే వాక్యంలో రెండు మూడు నిషేధాలు పెట్టడం మామూలే, అర్థం బలపడేది. తర్వాత 1762లో రాబర్ట్ లోత్ అనే మతాచార్యుడు రాసిన వ్యాకరణం, రెండు నిషేధాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయన్న సూత్రాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. ఇప్పటికీ ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో అనేక మాండలికాల్లో రెండు నిషేధాలు వాడేవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఈ తప్పు చేసినందుకు సిగ్గుపడవలసిన పని లేదు. కానీ అర్జీల్లో, పరీక్షల్లో చెల్లేది రాత ఇంగ్లీషు. మనం నేర్చుకోవలసింది అదే.

దీనికి చుట్టం లాంటి తప్పు ఇంకోటి ఉంది. 'బోత్ రవి అండ్ కిరణ్ డిడ్ నాట్ కమ్.' ఇద్దరూ రాలేదు అన్నదానికి మాటకు మాట పెట్టడం వల్ల వచ్చింది ఇది. దీన్ని చదివినవాళ్ళకు ఇద్దరిలో ఒకరు వచ్చారేమో అన్న అనుమానం మిగులుతుంది. 'నైదర్ రవి నార్ కిరణ్ కేమ్' అనండి, అనుమానం ఉండదు.

ఇక క్రియ ఏకవచనమా బహువచనమా అన్న విషయం. 'బోత్, అండ్' అయితే ఎప్పుడూ బహువచనమే. 'ఐదర్, ఓర్', 'నైదర్, నార్', 'నాట్ ఓన్లీ, బట్ ఆల్సో' ఈ మూడింటికీ క్రియ తన పక్కనున్నదాని మాట వింటుంది. 'నైదర్ ద వార్డెన్ నార్ ద బాయ్స్ వర్ ప్రెజెంట్.' క్రియ పక్కన 'బాయ్స్' ఉంది కాబట్టి 'వర్'. అదే తిప్పి రాస్తే 'నైదర్ ద బాయ్స్ నార్ ద వార్డెన్ వాజ్ ప్రెజెంట్.' ఇప్పుడు పక్కన వార్డెన్ సార్ ఒక్కరే ఉన్నారు, 'వాజ్' వచ్చింది. రెండోది కూడా సరైనదే అయినా చెవికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. అందుకే బహువచనాన్ని రెండో చోట పెట్టడం మంచిది. 'ఐదర్ యూ ఓర్ ఐ యామ్ రాంగ్' అన్నది కూడా సూత్రం ప్రకారం సరైనదే గానీ ఎబ్బెట్టుగా ఉంటుంది. దానికి బదులు 'ఐదర్ యూ ఆర్ రాంగ్ ఓర్ ఐ యామ్' అంటే హాయిగా ఉంటుంది.

ఇక్కడ పరీక్షల్లో ఒక మెలిక పెడతారు. 'యాజ్ వెల్ యాజ్', 'అలాంగ్ విత్', 'టుగెదర్ విత్' ఇవి వస్తే పక్కనున్నదాన్ని చూడకూడదు, మొదటిదాన్నే చూడాలి. 'ద వార్డెన్, యాజ్ వెల్ యాజ్ ద బాయ్స్, వాజ్ ప్రెజెంట్.' వీటిలో రెండోది వెంట వచ్చినవాడే గానీ యజమాని కాదు. 'బోత్ రవి యాజ్ వెల్ యాజ్ కిరణ్' అని కలిపి రాయడం ఎలాగూ తప్పే. 'బోత్'కు 'అండ్' ఒక్కటే జోడు.

'నో సూనర్' గురించి. మా రోజుల్లో 'యాజ్ సూన్ యాజ్'తో వాక్యం ఇచ్చి 'నో సూనర్, దేన్'తో మార్చమని అడగడం బాగా ఉండేది, మేము అర్థం తెలియకుండా బట్టీ పట్టేవాళ్ళం. 'దేన్' ఎందుకు వస్తుందో తెలిస్తే బట్టీ అవసరం లేదు. 'సూన్' అంటే త్వరగా. 'సూనర్' అంటే ఇంకా త్వరగా. ఇది పోలిక చెప్పే మాట, 'టాలర్', 'బిగ్గర్' లాంటిది. 'టాలర్' తర్వాత 'దేన్' వస్తుంది కదా, అలాగే 'సూనర్' తర్వాత కూడా 'దేన్' వస్తుంది. 'హార్డ్‌లీ', 'స్కేర్స్‌లీ' పోలిక మాటలు కావు కాబట్టి వాటికి 'దేన్' రాదు, 'వెన్' వస్తుంది. 'నో సూనర్ హ్యాడ్ వుయ్ సాట్ డౌన్ టు ఈట్ దేన్ ద లైట్స్ వెంట్ అవుట్.' 'హార్డ్‌లీ హ్యాడ్ వుయ్ సాట్ డౌన్ టు ఈట్ వెన్ ద లైట్స్ వెంట్ అవుట్.' అర్థం ఒకటే. 'దేన్', 'దెన్' స్పెల్లింగులు కలిపేయకండి. పోలికకు వచ్చేదాంట్లో 'ఎ' అక్షరం, 'అప్పుడు' అన్నదాంట్లో 'ఇ' అక్షరం ఉంటుంది.

'నో సూనర్' తర్వాత 'హ్యాడ్' గానీ 'డిడ్' గానీ కర్తకు ముందు రావాలి. 'హ్యాడ్' పెడితే క్రియ మూడో రూపం, 'డిడ్' పెడితే మొదటి రూపం. 'యాజ్ సూన్ యాజ్ ద బెల్ ర్యాంగ్, ద బాయ్స్ ర్యాన్ టు ద డైనింగ్ హాల్' అన్నదాన్ని మార్చితే 'నో సూనర్ డిడ్ ద బెల్ రింగ్ దేన్ ద బాయ్స్ ర్యాన్ టు ద డైనింగ్ హాల్.' మొదటి సగంలో 'డిడ్ ద బెల్ ర్యాంగ్' అని రాసినవాళ్ళు మా బ్యాచ్‌లో సగం మంది ఉన్నాం. గంట మోగినప్పుడు పరుగెత్తనివాడు మాత్రం ఒక్కడూ లేడు.

'వెదర్' అన్నది వస్తాడో రాడో, ఉందో లేదో అన్నదానికి. 'ఐ డు నాట్ నో వెదర్ హీ విల్ కమ్ ఓర్ నాట్.' 'వెదర్ విల్ హీ కమ్' అనకూడదు, అది ప్రశ్న వరుస. వెళ్ళాలా వద్దా అనేచోట 'వెదర్ టు గో ఓర్ నాట్' అనాలి, అక్కడ 'ఇఫ్' పనికిరాదు. వాతావరణం అన్న 'వెదర్' స్పెల్లింగు వేరు, డిక్షనరీ తీసి రెండూ పక్కపక్కన రాసుకోండి.

మిగతావి త్వరగా చూద్దాం. 'దో'తో మొదలుపెట్టిన వాక్యంలో 'బట్' రాకూడదు, కావాలంటే 'యెట్' రావచ్చు. ఈ రోజుల్లో అదీ లేకుండా కామాతో సరిపెడుతున్నారు. 'బిట్వీన్'కు జోడు 'అండ్', 'ఫ్రమ్'కు జోడు 'టు'. 'బిట్వీన్ టెన్ టు ఫైవ్' అన్నది ఆఫీసు బోర్డుల మీద కనిపించినా తప్పే. 'లెస్ట్' అంటే 'అలా జరగకుండా' అని, దాంట్లోనే 'కాదు' ఉంది, కాబట్టి 'లెస్ట్ యూ షుడ్ ఫెయిల్' చాలు, 'షుడ్ నాట్' వద్దు. ఎంత చదివితే అంత తెలుస్తుంది అన్నదానికి 'ద మోర్ యూ రీడ్, ద మోర్ యూ లెర్న్.' మన 'ఎంత, అంత'కు సరిగ్గా సరిపోయింది, 'ద' రెండు వైపులా ఉండాలని గుర్తుంచుకుంటే చాలు.

ఇవన్నీ రాయడానికే కాదు, చదవడానికి కూడా కావాలి. పాత విద్యార్థులు కూడా ఈ పేరా చదవండి. మా సీనియర్ ఒకాయన ఒక ఉద్యోగ ప్రకటన చూసుకున్నాడు. అర్హతల్లో 'ఐదర్ ఏ డిప్లొమా ఓర్ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్' అని ఉంది. ఆయనకు డిప్లొమా ఉంది, అనుభవం లేదు. రెండూ కావాలేమో అనుకుని దరఖాస్తు చేయలేదు. గడువు దాటాక తెలిసింది, ఏదో ఒకటి ఉంటే చాలని. ఆయన తర్వాత వేరే దారిలో బాగానే స్థిరపడ్డాడు, కానీ ఆ కాగితం ముక్క చాలా ఏళ్ళు పర్సులో దాచుకున్నాడు. కాబట్టి ప్రకటన చదివేటప్పుడు ప్రతి షరతులో 'అండ్' ఉందా 'ఓర్' ఉందా అని చూపుడు వేలు పెట్టి చూడండి. 'బోత్' ఉంటే రెండు సర్టిఫికెట్లూ పట్టుకెళ్ళాలి. 'ఐదర్' ఉంటే ఉన్న ఒక్కదాంతో ధైర్యంగా వెళ్ళవచ్చు. కొన్ని ఫారాల్లో 'అండ్' కు 'ఓర్' కు మధ్య ఏటవాలు గీత పెట్టి కలిపి రాస్తారు. దానికి అర్థం ఏదో ఒకటైనా సరే, రెండూ అయినా సరే అని.

చివరగా కొంచెం అభ్యాసం. కింది వాక్యాలన్నిటిలో ఒక్కొక్క తప్పు ఉంది. జవాబులు చూడకుండా ముందు మీరే దిద్దండి.

ఒకటి, 'నైదర్ ద కుక్ నార్ ద హెల్పర్స్ వాజ్ ఇన్ ద కిచెన్.' రెండు, 'నో సూనర్ హ్యాడ్ ద ట్రెయిన్ లెఫ్ట్ వెన్ మై ఫాదర్ రీచ్డ్ ద స్టేషన్.' మూడు, 'షీ ఈజ్ బోత్ ఇంటెలిజెంట్ యాజ్ వెల్ యాజ్ హార్డ్‌వర్కింగ్.' నాలుగు, 'హీ నాట్ ఓన్లీ స్పీక్స్ తెలుగు బట్ ఆల్సో ఉర్దూ.' ఐదు, 'స్కేర్స్‌లీ హ్యాడ్ ఐ క్లోజ్డ్ మై ఐస్ దేన్ ద బెల్ ర్యాంగ్.' ఆరు, 'ఐ డు నాట్ నో వెదర్ ఈజ్ ద ఆఫీస్ ఓపెన్ ఓర్ నాట్.' ఏడు, 'వుయ్ హ్యావ్ నాట్ రిసీవ్డ్ నైదర్ నోట్‌బుక్స్ నార్ ప్లేట్స్.'

ఎనిమిదోది తెలుగు వాక్యం, ఇంగ్లీషులో రాయాలి. 'మా హాస్టల్లో తాగే నీళ్ళకు ఫిల్టరు గానీ, బాత్‌రూముల్లో లైట్లు గానీ లేవు.'

జవాబులు. ఒకటిలో 'వాజ్' బదులు 'వర్'. రెండులో 'వెన్' బదులు 'దేన్'. మూడులో 'యాజ్ వెల్ యాజ్' బదులు 'అండ్'. నాలుగు, 'హీ స్పీక్స్ నాట్ ఓన్లీ తెలుగు బట్ ఆల్సో ఉర్దూ.' ఐదులో 'దేన్' బదులు 'వెన్'. ఆరు, 'వెదర్ ద ఆఫీస్ ఈజ్ ఓపెన్ ఓర్ నాట్.' ఏడును రెండు విధాలుగా దిద్దవచ్చు, 'నాట్' తీసేసి 'నైదర్, నార్' ఉంచండి, లేదా 'నాట్' ఉంచి 'ఐదర్, ఓర్' పెట్టండి.

ఎనిమిదోదానికి జవాబు ఇవ్వడం లేదు. వచ్చే ఆదివారం పది గంటలకు డైనింగ్ హాల్లో ఉంటాం. తెల్ల కాగితం మీద, పైన తేదీ వేసి, కింద అందరి సంతకాలకు చోటు వదిలి రాసుకుని రండి.